సగమద్దం మీది మసక

కాలేజీ లైబ్రరీ,
జూన్.

మామయ్యకి,

ఈ ఉత్తరంతో వచ్చిన పెట్టె చూసి ముందు విసుక్కుంటావు. తర్వాత విప్పుతావు. విప్పాక కుర్చీ లాక్కుని కూర్చుంటావు. అవునా?

అవును, అది నాన్న కెమెరానే. బట్టల బీరువాలో అమ్మ శాలువా మడతల్లో దొరికింది. అడిగితే, "అది పోయిందిలే, దాని జోలికెళ్ళకు" అన్నాడు నాన్న. "పోయింది" అనే మాట మనం అమ్మ గురించి కూడా అంటాం. అందుకే ఆ మాట అక్కడ నాకు నచ్చలేదు. అమ్మ రాదు. కెమెరా రావచ్చు కదా?

కెమెరా వెనక చిన్న కిటికీలోంచి చూస్తే అంతా పొగమంచు. లెన్సు చుట్టూ ఉన్న రింగు తిరగనంటోంది. మీట నొక్కితే లోపలి రెక్కలు తెరుచుకుని అలాగే నిద్రపోతున్నాయి. నాకు తెలిసింది ఇంతే.

నాన్న దీంతో మళ్ళీ నా ఫొటో ఒకటి తీయాలి. ఒక్కటి చాలు. నా ఫొటోలన్నీ ఆయన దీంతోనే తీశాడు. మీరిద్దరూ మాటలు మానేసి, నువ్వు వేరే ఊళ్ళో షాపు పెట్టుకున్నాక ఒక్కటీ లేదు. ఆల్బంలో నేను ఇంకా స్కూలు యూనిఫాంలోనే ఉన్నాను.

తొందరగా కావాలి మామయ్యా. ఎందుకంత తొందర అని అడగకు. మన ఇంటి సంగతి ఒక్కటి కూడా నీదాకా రాకూడదని నాన్న నాతో ఒట్టు వేయించుకున్నాడు. కెమెరా పంపకూడదని మాత్రం ఒట్టులో లేదు.

జవాబు కాలేజీకే రాయి. ఇంటికొస్తే ఎవరు రాశారో నాన్న పోస్ట్‌మాన్‌నే అడుగుతాడు. ఫోన్ చేద్దామంటే నువ్వు ఎత్తవు. ఎత్తినా "ఊ" తప్ప ఇంకో అక్షరం రాదు.

నీ మేనకోడలు


షాపు,
జూన్ చివర.

అమ్మడూ,

పెట్టె చేరింది. కెమెరాని అరటిపళ్ళలా పాత పేపర్లలో చుట్టి పంపినందుకు నిన్ను తిట్టాలి. లెన్సు పగల్లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

రింగులో గ్రీజు గట్టిపడి జిగురైంది. రెక్కలకి నూనె పట్టింది. ఈ రెండూ నా చేతిలో పని. పొగమంచు సంగతి పై మూత విప్పాక చెప్తాను. నెల పట్టొచ్చు.

మీ నాన్న ఎలా ఉన్నాడని నేను అడగడం లేదు. నువ్వు సరిగ్గా తింటున్నావా?

మామయ్య


కాలేజీ లైబ్రరీ,
జూలై.

మామయ్యకి,

నీ ఉత్తరం మందుల చీటీలా ఉంది. పూటకి ఒకటి చొప్పున వేసుకుందామా అనిపించింది.

నేనిక్కడ సాహిత్యం చదువుతున్నాను, నీకు తెలుసో లేదో. కొత్త మాట దొరికితే చాలు, రోజంతా చప్పరిస్తూ తిరుగుతున్నాను. నీ బల్ల మీద మాటలు కూడా కావాలి. లోపల ఏముంటాయి, వాటిని మీరేమంటారు, ఏది దేన్ని కదుపుతుంది, అన్నీ రాయి. ముఖ్యంగా ఆ రెండు బొమ్మల సంగతి.

చిన్నప్పుడు నాన్న నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని కెమెరా నా కంటికి ఆనించేవాడు. "ఇద్దరమ్మలు కనిపిస్తున్నారా?" అనేవాడు. ఎదురుగా అమ్మ బట్టలు ఆరేస్తూ ఉండేది. నిజంగానే ఇద్దరు కనిపించేవాళ్ళు. "ఇద్దర్నీ ఒకరిని చెయ్యి" అనేవాడు. రింగు తిప్పితే ఒకమ్మ మెల్లిగా జరిగి ఇంకో అమ్మలోకి వెళ్ళిపోయేది. అప్పుడు గట్టిగా ఊపిరి బిగబట్టి నొక్కమనేవాడు. ఆ విద్య ఏమిటో నాకిప్పటికీ తెలియదు.

నువ్వడగలేదు గానీ, నాన్న బాగానే ఉన్నాడు. రేడియో ఎక్కువ వింటున్నాడు. పేపర్లో హెడ్డింగులు ఆయన చదివి, కింద సంగతంతా నన్ను చదవమంటున్నాడు. నాకు ఉచ్చారణ బాగుపడుతుందట.

ఎంతవరకు వచ్చింది?

నీ మేనకోడలు


షాపు,
జూలై చివర.

అమ్మడూ,

స్క్రూడ్రైవర్ చేతిలో ఉంటే చెప్పగలను, పెన్ను పట్టుకుంటే నాకు మాట రాదు. అయినా చూద్దాం.

కెమెరా ముందు వైపు రెండు కిటికీలుంటాయి. ఒకదాంట్లోంచి బొమ్మ నేరుగా కంటికి వస్తుంది. రెండోదాంట్లోంచి వచ్చే బొమ్మ పక్కదారిన వచ్చి ఒక చిన్న గాజుబిళ్ళ మీద పడుతుంది. దాన్ని మేం సగమద్దం అంటాం. సగం వెలుతురుని పోనిస్తుంది, సగాన్ని వెనక్కి కొడుతుంది. అందువల్ల రెండు బొమ్మలూ ఒకేసారి, చూసేదాని నడిమధ్య ఒక చిన్న పసుపు గడిలో కనిపిస్తాయి. రింగు తిప్పితే ఒకటి జరుగుతుంది. ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయంటే మనిషి ఎంత దూరంలో ఉన్నదీ కెమెరాకి తెలిసిపోయినట్టే. మీ అమ్మ ఇద్దరు కావడం, ఒకరు కావడం, అదంతా ఆ గడిలోనే.

ఇక పొగమంచు. పై మూత విప్పాను. సగమద్దం మీద పూత లేదు. వయసుకి పోయింది కాదు. ఎవరో గుడ్డతో గట్టిగా, మళ్ళీ మళ్ళీ రుద్దారు. గట్టిగా ఊదితే లేచిపోయేంత పలచటి పూత అది. దాని దగ్గరికి గుడ్డ తీసుకెళ్ళకూడదని నాకు నేర్పిందే మీ నాన్న. కానీ స్క్రూల మీద గాట్లు ఆయన మొన విరిగిన స్క్రూడ్రైవర్‌వే. అంత తెలిసిన మనిషి ఎందుకు రుద్దాడో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

ఇంకో చచ్చిన కెమెరాలోంచి సగమద్దం తీసి ఇందులో అతికించాలి. చూస్తాను.

ఎదురుగా టీ బండి అతను నేను రాయడం చూసి, "ఏంటి సార్, లవ్ లెటరా? ఈ వయసులో వద్దు సార్, మీ టీ ఖాతా చూసేది మా ఆవిడ, తెలిస్తే అప్పు ఆపేస్తుంది" అన్నాడు. మేనకోడలికయ్యా బాబూ అన్నాను. "అయితే రెండో వైపు కూడా రాయండి. ఒక వైపు రాస్తే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు" అన్నాడు. అందుకే ఇంత రాశాను. షాపుకి వచ్చేవాళ్ళంతా ఫోన్ కవర్ల కోసమే వస్తారు. నా బల్ల చూసి, "ఇది మ్యూజియమా అంకుల్?" అంటారు. ఎవరైనా లోపల ఏముందని అడిగి ఎన్నాళ్ళయిందో.

మళ్ళీ రాయి.

మామయ్య


కాలేజీ లైబ్రరీ,
సెప్టెంబర్.

మామయ్యకి,

నెల అన్నావు. ఆ నెల ఎక్కడ తప్పిపోయింది?

నీ ఉత్తరం నా స్నేహితురాలికి చదివి వినిపించాను. "మీ మామయ్య కెమెరాలు మానేసి పుస్తకాలు రాయొచ్చు" అంది. పొంగిపోకు, ఆ పిల్ల అందరినీ అలాగే అంటుంది. కానీ "సగాన్ని వెనక్కి కొడుతుంది" అన్న ముక్క నా బుర్రలోంచి పోవడం లేదు.

ఇక్కడ వానలు. మా వీధిలో నీళ్ళు నిలిచి కరెంటు తీగలన్నీ నేల మీద కూడా కనిపిస్తున్నాయి. ఆటోలు వెళ్ళినప్పుడల్లా తీగలు ముక్కలై, కాసేపటికి వాటంతటవే అతుక్కుంటున్నాయి. నాన్నకి చెప్తే, "ఫొటోకి పనికొస్తుంది, ఏ వైపునుంచి వెలుతురు?" అన్నాడు. చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నాడు.

ఈ మధ్య హెడ్డింగులు కూడా నన్నే చదవమంటున్నాడు. బద్ధకం.

మామయ్యా, ఆ రోజు మీ ఇద్దరికీ ఏమైంది? నాన్న చెప్పేది ఒకటే: "వాడు నలుగురిలో నా పరువు తీశాడు." ఇంకేం చెప్పడు. నీ వైపు కూడా వినాలని ఉంది.

కెమెరా మాత్రం తొందరగా పంపు. "తొందరగా" కింద గీత గీశాను చూడు. ఇంకో గీత కూడా గీస్తున్నాను.

నీ మేనకోడలు


షాపు,
సెప్టెంబర్ చివర.

అమ్మడూ,

వాన నీళ్ళలో తీగలు అతుక్కోవడం గురించి రాశావే, అది రెండుసార్లు చదివాను. టీ బండి అతనికి కూడా వినిపించాను. "మా ఊరి గుంటలు కూడా చూసి రాయమనండి, మున్సిపాలిటీకి పంపుదాం" అన్నాడు.

అడిగావు కాబట్టి చెప్తున్నాను. అప్పట్లో మీ నాన్న స్టూడియోలో ఆయన ఫొటోలు తీసేవాడు, మూల బల్ల మీద నేను రిపేర్లు చేసేవాణ్ణి. ఒక పెద్ద కుటుంబం గ్రూపు ఫొటో తీయించుకుంది. ముసలాయన మొదలు చంకలో పాప వరకు అందరూ మసకగా వచ్చారు. వాళ్ళు వచ్చి గొడవపడ్డారు. మీ నాన్న నావైపు చూపించి, "మా బావమరిది చేసిన రిపేరు నిర్వాకం ఇది" అన్నాడు. అంతకుముందు వారమే నేను ఆ కెమెరా, నువ్వు పంపిన ఇదే కెమెరా, విప్పి సర్దిన మాట నిజం. కానీ నేను తిరిగిచ్చేటప్పుడు అది బాగానే ఉంది. నాకు ఒళ్ళు మండింది. "కెమెరాకేం రోగం లేదు, ముందు నీ కళ్ళు చూపించుకో బావా" అన్నాను. వాళ్ళంతా గొల్లున నవ్వారు. మర్నాడు నా బల్ల బయట వరండాలో ఉంది.

అంతే. చెప్పుకోవడానికి కూడా చిన్న విషయం.

కెమెరాకి ఒక స్ప్రింగు దొరకడం లేదు. అది రాగానే పంపిస్తాను. ఈలోపు మీ కాలేజీ గురించి రాయి. ఆ స్నేహితురాలి గురించి కూడా.

మీ నాన్నకి బద్ధకమా? నవ్వొచ్చింది.

మామయ్య


ఇల్లు, వంటగది,
అక్టోబర్.

మామయ్యా,

ఒట్టు తీసి గట్టు మీద పెట్టేస్తున్నాను.

నాన్నకి చూపు పోతోంది. కుడికన్ను పోయి చాలా కాలమైంది, ఎవరికీ చెప్పలేదు. ఎడమ కంటితో నెట్టుకొచ్చాడు. ఈ వేసవిలో టీ కప్పులో పోస్తున్నాననుకుని బల్ల మీద పోశాడు. అప్పుడు బలవంతంగా ఆస్పత్రికి లాక్కెళ్ళాను. అంచులు కనిపిస్తాయట. చూసేదాని నడిమధ్య మాత్రం ఒక మసక మచ్చ. అది పెరుగుతోంది. ఎటు చూస్తే అటు వస్తుంది. కొన్ని నెలలే పని చేస్తుంది ఈ కన్ను కూడా, అన్నారు. అందుకే నా తొందర.

"మొదటి కన్ను మసకబారినప్పుడే ఎందుకు రాలేదండీ? రెండోదాన్నయినా కాపాడేవాళ్ళం" అంది డాక్టరమ్మ. నాన్న చొక్కా గుండీ సర్దుకుంటూ కూర్చున్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నేనే మళ్ళీ అడిగాను. "వెళ్తే వాడన్నదే నిజమయ్యేది" అన్నాడు. వాడెవరో, ఏమన్నాడో అప్పుడు తెలియలేదు. నీ ఉత్తరంతో తెలిసింది. చదివి ఈ వంటగదిలోనే కాగితం తీశాను.

నేను ముందే చెప్పాల్సింది. ఒట్టు అనే మాట గొప్పగా అనిపించింది నాకు, దాన్ని పట్టుకుని వేలాడాను. స్ప్రింగు లేకపోయినా పర్లేదు, ఎలా ఉంటే అలా పంపు. ఇంకా కొంచెం కనిపిస్తోంది. కొంచెమే.


షాపు,
అక్టోబర్, నీ ఉత్తరం అందిన రోజే.

అమ్మడూ,

నీ ఉత్తరం అందిన గంటలో కెమెరా పార్సిల్ ఆఫీసులో ఇచ్చాను. ఇదీ దాంతోనే వస్తుంది.

స్ప్రింగు ఏదీ లేదు. కెమెరా ఆగస్టులోనే బాగైంది. సగమద్దం అతికించాను, గడి పసుపుగా, స్పష్టంగా వచ్చింది. రింగు నీళ్ళలో తిరిగినట్టు తిరుగుతోంది. పంపేస్తే నువ్వు రాయడం మానేస్తావని పంపలేదు. అంతకంటే కారణం లేదు.

హెడ్డింగులు చదవడం మానేశాడని నువ్వు రాశావు. చదివి నవ్వుకున్నాను.

ఆయన సగమద్దాన్ని ఎందుకు రుద్దాడో ఇప్పుడు అర్థమైంది. నడిమధ్యన మసక. గడి ఉండేదీ నడిమధ్యనే.

మామయ్య


ఇల్లు,
నవంబర్.

మామయ్యా,

కెమెరా వచ్చింది. నాన్న చేతిలో పెట్టాను. ఏమిటని అడగలేదు, బరువుకే తెలిసిపోయింది. రింగు అటూ ఇటూ తిప్పి, "ఇది వాడి చెయ్యే" అన్నాడు. నేను పంపానని అప్పుడు చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. "గ్రీజు ఎంత పెట్టాలో వాడికే తెలుసు" అని మాత్రం అన్నాడు.

నన్ను కిటికీ పక్కన నిలబెట్టాడు. "గడ్డం దించు. చాలు. ఆ జుట్టు చెవి వెనక్కి తోసుకో." జుట్టు ఊహించి చెప్పాడని తర్వాత అనిపించింది, అది ముందే చెవి వెనక ఉంది. కెమెరా కంటికి ఆనించాడు. రింగు ఇటు తిప్పాడు. అటు తిప్పాడు. మళ్ళీ ఇటు. నేను నవ్వు పట్టుకుని నిలబడ్డాను. దవడలు నొప్పి పుట్టాయి.

"తల్లీ, మధ్యలో గడి పెట్టాడా వాడు?"

"పెట్టాడు నాన్నా. పసుపు గడి. నేను చూశాను, చాలా బాగుంది."

"ఉంటుంది. వాడు పెట్టే ఉంటాడు."

మీట నొక్కలేదు. కెమెరా ఒళ్ళో పెట్టుకుని రింగు తిప్పుతూ కూర్చున్నాడు. "వాడికి రాయి. కెమెరా భేషుగ్గా ఉందని రాయి" అన్నాడు. రాశాను. ఇదిగో.

ఆగస్టులో ఆయన హెడ్డింగులు చదివేవాడు మామయ్యా. అప్పుడైతే ఆ గడి కనిపించేది. రెండు బొమ్మలూ కలిసేవి. నేనొక్క ముక్క చెప్పి ఉంటే నువ్వు పంపేవాడివి. నువ్వొక్క అబద్ధం ఆడకుండా ఉంటే నేను చెప్పకపోయినా సరిపోయేది. ఇందులో ఎవరిది ఎంత అని రాత్రంతా వేరు చేయబోయాను, కుదరలేదు. నీ మీద కోపం రాబోతే నా మీదికే వస్తోంది.

నీ ఉత్తరాల కోసం నేనూ ఎదురుచూసేదాన్ని. అది కూడా చెప్పకపోతే అబద్ధమవుతుంది.

ఆగస్టు సంగతి నాన్నకి తెలియదు. నేను చెప్పను. అది నువ్వు చెప్పాలి.


షాపు,
నవంబర్.

బావా,

ఇది అమ్మడు నీకు చదివి వినిపిస్తోంది. అమ్మడూ, ఒక్క ముక్క దాటేయకు. మధ్యలో నన్ను వెనకేసుకు రావొద్దు. ఎక్కడైనా ఆగిపోతే మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టు.

నీ కెమెరా ఆగస్టులోనే బాగైంది బావా. ఫిల్ము వేసి చూశాను, దూరం నుంచి దగ్గర దాకా ఎక్కడా తేడా లేదు. అయినా పంపలేదు. సొరుగులో పెట్టుకున్నాను. రోజూ తీసి, షాపు గుమ్మంలోంచి వీధిని చూసి మళ్ళీ పెట్టేవాణ్ణి. అది నా దగ్గరున్నన్నాళ్ళు అమ్మడు రాసేది. ఆ ఉత్తరాల్లో మీ ఇల్లు ఉండేది. నువ్వు రేడియో వినడం ఉండేది. అక్క పోయాక నాకు ఆ ఇంటి కబురు ఒక్కటీ లేదు. ఆశపడ్డాను. ఆ నెలలు నీ కంటికి చెందినవని తెలియదు. తెలియకపోయినా, ఆపింది నేనే.

ఇంకోటి. ఇది అమ్మడికి కూడా చెప్పలేదు. ఆ రోజు స్టూడియోలో నేనన్న మాట నోరుజారి వచ్చింది కాదు. దానికి ముందు చాలా ప్రింట్లు చూశాను. మసక పెరుగుతూ వస్తోంది. నీ కంటి మీద నాకప్పటికే అనుమానం. నిన్ను పక్కకి పిలిచి, భుజం మీద చెయ్యేసి, "బావా, ఒకసారి డాక్టరుకి చూపిద్దాం, నేనూ వస్తాను" అనాల్సిన మాట. దాన్ని దాచుకుని దాచుకుని, నలుగురు నవ్వేటప్పుడు నీ మీదికి విసిరాను. అలా విసిరితే ఎవరు వెళ్తారు డాక్టరు దగ్గరికి? నేనైనా వెళ్ళను.

కెమెరాలో ఏ భాగం పాడైనా ఇంకోదాంట్లోంచి తెచ్చి వేస్తాను. దీనికి నా బల్ల మీద ఏమీ లేదు.

నువ్వు రమ్మంటే వస్తాను. వద్దంటే వద్దని రాయించు. అమ్మడి చేతిరాతలో "వద్దు" అని చదవడం కష్టమే, అయినా చదువుతాను. నువ్వేమంటే అదే రాయమను, సొంత మాటలు కలపొద్దని చెప్పు. ఈ మధ్య దానికి మాటలు ఎక్కువయ్యాయి.

నీ బావమరిది


ఇల్లు,
నవంబర్ చివర.

మామయ్యా,

ఒక్క ముక్క దాటకుండా చదివాను. మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది. నాన్న ఆ రోజు రేడియో కూడా పెట్టలేదు. ఇవాళ మధ్యాహ్నం "కాగితం తీసుకో" అన్నాడు. కింద ఉన్నదంతా ఆయనదే.

"ఒరేయ్, విన్నాను. కోపంగా ఉంది. ఇది పోతుందని చెప్పలేను, పోయినప్పుడు చూద్దాం. సగమద్దాన్ని పాడుచేసింది నేనే. మసక గాజు మీదే ఉందనుకున్నాను. గాజు మీద ఉంటే తుడవొచ్చు కదా. అందుకని అదే నమ్మాను. ఎంత రుద్దినా పోకపోతే నీ రిపేరు అన్నాను. నాకు తెలియకుండానే అన్నానని నేనూ చెప్పను.

పిల్ల ఫొటో నువ్వు తియ్యి. ఆ కెమెరాతోనే. వెలుతురు ఎటునుంచి రావాలో నేను చెప్తాను.

పగలుండగా రా. చీకటి పడితే నాకు ఏమీ తెలియదు. ఇంకో మాట. నీకు ఎదురుగా చూస్తే నీ మొహం ఉండాల్సిన చోట నాకేమీ ఉండదు. పక్కకి, గోడ వైపు చూస్తేనే నువ్వు కాస్త కనిపిస్తావు. నేనలా చూస్తే మొహం తిప్పుకున్నాననుకుని గుమ్మంలోంచే వెళ్ళిపోకు."